వేరుతో ఊడిన పాలపన్ను

పొద్దున ముఖం కడుక్కుంటుంటే నా పళ్ళసెట్టు చేజారి, సింకు అంచుకు తగిలి రెండు ముక్కలైంది. లేకపోతే ఆ రోజు నేను పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళేవాణ్ణి కాదు. మా చిన్నమ్మాయిని వెంట తీసుకెళ్ళేవాణ్ణీ కాదు.

నాకు ముప్పై ఎనిమిదేళ్ళు. పైవరసలో సొంతపళ్ళు నాలుగే మిగిలాయి. మా నాన్నకు ముప్పయ్యో ఏటికే నోరు బోసిపోయింది. మా ఇంట్లో ఇదేమీ వింత కాదు, వేళాకోళం. నా పెళ్ళైన కొత్తలోనే మా అమ్మ కోడలికి చెప్పేసిందట: "మావాళ్ళ నోట్లో పళ్ళు అద్దెకుంటాయమ్మా. ఎప్పుడు ఖాళీ చేస్తాయో చెప్పలేం."

మా పెద్దమ్మాయికి నాలుగేళ్ళు నిండకుండానే మొదటి పన్ను ఊడింది. ఇంటిల్లిపాదీ చప్పట్లు కొట్టాం. "అచ్చు నాన్నపోలికే" అని మా అమ్మ మెటికలు విరిచింది. ఆ రోజు నుంచి దాని అసలు పేరు పోయి బోసి అనే పేరు నిలిచింది. సాయంత్రం బడి నుంచి రాగానే నా సెట్టు తీయించేది. ఇద్దరం అద్దం ముందు నిలబడి ఎవరిది పెద్ద బోసినోరో పోల్చుకునేవాళ్ళం. ఊడిన పళ్ళను ఖాళీ సుద్దముక్కల పెట్టెలో దూది పరిచి దాచుకుంది. ఆరేళ్ళు వచ్చేసరికి ఆరు పళ్ళు.

ఆరేళ్ళ నాలుగు నెలలకు అది చనిపోయింది. నా సెట్టు విరిగిన రోజుకి అది పోయి పద్నాలుగు నెలలు.

పళ్ళ డాక్టరమ్మ పెద్దావిడ. ఎనిమిదేళ్ళుగా నా నోరు ఆవిడ చేతిలోనే ఉంది. రెండు ముక్కల్నీ వెలుతురుకి పెట్టి చూసింది.

"దీంతో మేకులు పీకారా మాష్టారూ?"

"చేజారిందండీ."

"అతుకుతుంది గానీ, కడిగేటప్పుడు కింద గిన్నెలో నీళ్ళు పోసుకోండి. పడినా నీళ్ళలో పడుతుంది."

అప్పటికే చిన్నది పేషెంటు కుర్చీ ఎక్కేసింది. దానికి మూడున్నరేళ్ళు. మీట నొక్కితే కుర్చీ పైకి లేవడం నాలుగుసార్లు చూసింది, తనివి తీరలేదు.

"ఊరికే ఎక్కితే ఎలా? టికెట్టు కొనాలి," అంది డాక్టరమ్మ. "నోరు తెరువు, అదే టికెట్టు. ఇంకా. మీ నాన్న కంటే పెద్దగా."

లైటు దగ్గరికి లాగింది. నవ్వుతున్న మనిషి నవ్వు ఆపింది. వేలితో ముందు పన్నును మెల్లగా నొక్కింది.

"ఇది కదులుతోంది."

"మా ఇంట్లో అంతేనండీ. తొందరగా ఊడతాయి."

"మూడున్నరేళ్ళకా?"

"పెద్దదానికీ నాలుగో ఏటనే మొదలైంది."

"దాని చిగుళ్ళు కూడా ఇలాగే ఎర్రగా ఉబ్బి ఉండేవా? నోట్లో పుళ్ళు పడేవా?"

"అప్పుడప్పుడు."

"పెద్దమ్మాయి ఎన్నో తరగతి ఇప్పుడు?"

నేను ట్రేలో ఉన్న నా పళ్ళసెట్టు ముక్కలు చూస్తూ ఉండిపోయాను. కుర్చీలోంచి చిన్నదే జవాబు చెప్పింది.

"అక్క లేదు. ఫొటోలో ఉంది."

డాక్టరమ్మ చేతితొడుగులు తీసేసి, స్టూలు లాక్కుని నా ఎదురుగా కూర్చుంది. ఏమైందని అడిగింది. చెప్పాను. జ్వరం, కడుపునొప్పి, రక్తమంతా విషమయ్యిందన్నారు. ఆస్పత్రిలో రెండు రోజులు.

"ఎందుకలా అయిందో చెప్పారా?"

"ఒక్కోసారి అవుతుందన్నారు."

ఆవిడ చిన్నదాని వైపు ఒకసారి చూసింది. "ఆ ఊడిన పళ్ళు ఏం చేశారు?"

"ఉన్నాయి."

"రేపు పట్టుకురండి."

మర్నాడు సుద్దముక్కల పెట్టె తీసుకెళ్ళాను. డాక్టరమ్మ ఆరు పళ్ళనూ తెల్లకాగితం మీద వరసగా పేర్చింది. ప్రతి పన్ను కిందా సన్నగా, పొడుగ్గా, చివరిదాకా వేరు.

"పాలపన్ను మామూలుగా ఊడితే వేరు ఉండదు మాష్టారూ. కింద నుంచి కొత్త పన్ను వస్తూ వస్తూ పాతదాని వేరును కరిగించేస్తుంది. చేతికొచ్చేది పైడొప్ప మాత్రమే. ఇవి అలా ఊడినవి కాదు. పట్టుకున్న ఎముకా చిగురూ వదిలేస్తే జారిపోయినవి."

పద్నాలుగేళ్ళుగా ఒకటో తరగతికి చెబుతున్నాను. ఒకటో తరగతి అంటే పళ్ళు ఊడే తరగతి. ఏటా ఎంతమంది పిల్లలు నా అరచేతిలో పన్ను పెట్టి గర్వంగా నిలబడ్డారో లెక్కలేదు. ఒక్కదానికీ ఇలా వేరు లేదు. నేనది చూడకపోలేదు. మా బోసి పళ్ళు మిగతా పిల్లల పళ్ళ కంటే గట్టివని, అందుకే వేరుతో సహా వచ్చాయని మురిసిపోయాను. స్టాఫ్ రూములో చూపించాను కూడా.

"పాలపళ్ళు తల్లికడుపులో ఉండగానే మొలక కడతాయి," అంది డాక్టరమ్మ. "ఏది ఎప్పుడు రావాలి, ఎప్పుడు పోవాలి అనేది చాలావరకు అమ్మానాన్నల నుంచి వచ్చిన జన్యువుల్లోనే ఉంటుంది. మీ ఇంట్లో తేడా పళ్ళను తయారుచేసే జన్యువులో లేదనుకుంటాను. రక్తానికి సంబంధించిన దాంట్లో ఉండొచ్చు. రోగాన్ని అడ్డుకునే తెల్లకణాలు మూడు వారాలకోసారి దాదాపు లేకుండా పోయే జబ్బొకటి ఉంది. ఆ నాలుగైదు రోజులూ నోరు పూస్తుంది, జ్వరం వస్తుంది. మళ్ళీ ఏమీ ఎరగనట్టు బాగైపోతారు. ఈలోగా చిగుళ్ళు దెబ్బతింటాయి."

"పెద్ద పిల్లకి ఒకసారి రక్తం చూపించామండీ. బాగానే ఉందన్నారు."

"బాగున్న వారంలో చూపిస్తే బాగానే ఉంటుంది. కొందరికి పెద్దయ్యాక జబ్బు నెమ్మదిస్తుంది, పళ్ళతో పోతుంది." ఆవిడ నా వైపు చూడకుండా కాగితం మీది పళ్ళు సర్దింది. "నేను పళ్ళ డాక్టర్ని, తేల్చి చెప్పలేను. రక్తం డాక్టరుకి చీటీ రాస్తాను. ఆయన మొదట అడిగేది ఇదే. పెద్దమ్మాయికి జ్వరం ఎన్నాళ్ళకోసారి వచ్చేది?"

"పిల్లలన్నాక జ్వరాలు వస్తూనే ఉంటాయి కదండీ. గుర్తులేదు."

"బడికి వెళ్ళేది కదా, హాజరుపట్టీ ఉంటుంది. వాళ్ళ క్లాసు టీచర్ని అడగండి."

"నేనే," అన్నాను.

పాత రిజిస్టర్లు మా బడిలో మెట్ల కింది గదిలో ఉంటాయి. విరిగిన బల్లలు, చిరిగిన పటాలు, సున్నం డబ్బాల మధ్య ఇనుప బీరువా. బంట్రోతు తాళం తీసి, నా ముఖం చూసి, ఏమీ అడక్కుండా బయటికి వెళ్ళి నిలబడ్డాడు.

మా పద్ధతిలో వచ్చినవాళ్ళకి నీలం గీత, రానివాళ్ళకి ఎర్ర సున్నా. బోసి వరస పదిహేడోది. వేలు పెట్టి చదవడం మొదలుపెట్టాను. మూడు సున్నాలు. తర్వాత అన్నీ గీతలు. మళ్ళీ మూడు సున్నాలు. మళ్ళీ గీతలు. దాదాపు ప్రతి సున్నాల గుంపూ గురువారమే మొదలైంది. ఎక్కడో ఒకచోట బుధవారం, ఒకచోట శుక్రవారం. ఒక గుంపు మొదలు నుంచి మరో గుంపు మొదలుకి రోజులు లెక్కపెట్టాను. ఇరవై ఒకటి. ఇరవై రెండు. ఇరవై ఒకటి. ఇరవై. సున్నాలన్నీ నా చేత్తో చుట్టినవే.

గురువారాల సంగతి నాకు ముందే తెలుసు. గురువారం మా తరగతిలో డిక్టేషన్. పది మాటలు చెబుతాను, రాయాలి. బోసి మానేస్తే గురువారమే మానేస్తోందని నేను ఎప్పుడో గమనించాను. డుమ్మా అనుకున్నాను. స్టాఫ్ రూములో అది పెద్ద హాస్యం. "ఏం మాష్టారూ, మీ అమ్మాయికి గురువారం జ్వరం వచ్చిందా?" అనేవాళ్ళు. నేనూ నవ్వేవాణ్ణి. జ్వరం నిజమేనని తెలుసు. డిక్టేషన్ భయంతో ఒళ్ళు వెచ్చబడుతోందనుకున్నాను, పిల్లల్లో అలా చాలామందిని చూశాను గనక. ఇరవై ఒక్క రోజులంటే సరిగ్గా మూడు వారాలని, మూడు వారాలు గడిస్తే మళ్ళీ అదే వారం వస్తుందని, ఒకటో తరగతి లెక్కలు చెప్పే నాకు తోచలేదు.

చివరి పేజీ తీశాను. గురువారం గడిలో నీలం గీత ఉంది. శుక్రవారం నుంచి సున్నాలు. ఆ తర్వాత వరసంతా ఖాళీ.

రిజిస్టరు సంచిలో పెట్టుకుని ఇంటికొచ్చాను.

మా ఆవిడ పోస్టాఫీసు కౌంటర్లో పనిచేస్తుంది. సాయంత్రం ఆమె వచ్చి, కాళ్ళు కడుక్కుని కూర్చున్నాక చెప్పాను. పళ్ళ వేళ్ళ గురించి, తెల్లకణాల గురించి, ఇది నా నుంచే వచ్చి ఉంటుందని. చిన్నదానికీ ఉండొచ్చని. రిజిస్టరు ముందు పెట్టి సున్నాలు చూపించాను. చివరి పేజీ తిప్పలేదు.

ఆమె కాసేపు చూసి లేచి లోపలికి వెళ్ళింది. ఆఫీసులో సెలవు పెట్టినప్పుడల్లా ఇచ్చే చీటీలు ఒక దారానికి గుచ్చి దాచుకుంటుంది. ఆ దండ తెచ్చి నేల మీద విప్పింది. ఒక్కో చీటీ తీసి రిజిస్టరు పక్కన పెట్టింది.

"ఇది దానిది. ఇది దానిది. ఇదీ దానిదే." చేయి ఆగింది. "ఇక్కడి నుంచి చిన్నదానివి."

చిన్నదాని చీటీల మధ్య కూడా ఇరవై ఒక్క రోజులే. కాకపోతే దానివి సోమవారాలు.

"మా పెద్దసారు అననే అన్నాడు," అంది మా ఆవిడ. "నెల జీతంలాగా నెల తిరక్కుండానే నీ సెలవు చీటీ వస్తుందేమిటమ్మా అని. మీ దగ్గరా రాసి ఉంది, నా దగ్గరా రాసి ఉంది. ఒక్కరోజు పక్కపక్కన పెట్టి చూసుకోలేదు."

గుమ్మం దగ్గర నిలబడి మా అమ్మ అంతా వింటోంది. పళ్ళ మీద ఎప్పుడూ ఏదో ఒక చమత్కారం ఆడే మనిషి, ఆ పూట గోడ పట్టుకుని మెల్లగా కూర్చుంది.

"మీ నాన్నకి ఇద్దరు చెల్లెళ్ళు ఉండేవారట్రా. నోరు పూసి, జ్వరమొచ్చి పసితనంలోనే పోయారట. ఆయన ఒక్కసారే చెప్పారు. నాకు ఇంతవరకూ గుర్తే రాలేదు."

ఆ వారంలోనే చిన్నదాన్ని తీసుకుని రక్తం డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఆయనకు నా కంటే చిన్న వయసు. మాట మెత్తన. రిజిస్టరు పేజీల నకళ్ళు బల్ల మీద పరిచి, పెన్సిలుతో సున్నా నుంచి సున్నాకు గీతలు కలుపుతూ వెళ్ళాడు. మా ఆవిడ ఒళ్ళో చిన్నది ఆయన స్టెతస్కోపు గొట్టం నములుతోంది.

"ఇంత శుభ్రంగా రాసి పెట్టినవాళ్ళని నేను చూడలేదు మాష్టారూ," అన్నాడు. "అన్నీ సరిపోతున్నాయి. చివర ఒక్కచోటే తేడా. లెక్క ప్రకారం గురువారం మొదలవ్వాలి, ఇక్కడ శుక్రవారం నుంచి ఉంది. ఫర్వాలేదు, ఒకరోజు అటూ ఇటూ అవుతూనే ఉంటుంది."

పెన్సిలు కింద పెట్టాడు. నేను ఊరుకుంటే అక్కడితో అయిపోయేది.

"గురువారమే మొదలైందండీ," అన్నాను.

"హాజరు అని ఉందే?"

"జ్వరంతోనే వచ్చింది. నేనే తీసుకెళ్ళాను."

మా ఆవిడ నా వైపు తిరిగింది. ఆమెకు అప్పటిదాకా తెలిసింది వేరు. ఆ రోజు ఆమె పొద్దున్నే డ్యూటీకి వెళ్ళింది. జ్వరం సాయంత్రం బడి నుంచి వచ్చాక మొదలైందని నేనే చెప్పాను. పద్నాలుగు నెలలుగా చెబుతూనే ఉన్నాను.

డాక్టరు నకలు మీద గురువారం గడి చుట్టూ పెన్సిలుతో సున్నా చుట్టాడు.

"ఒకపూట ముందు ఆస్పత్రికి వచ్చి ఉంటే..." అని ఆగాను.

"చెప్పలేనండీ," అన్నాడు. "బతికేదనీ చెప్పలేను, బతకదనీ చెప్పలేను. ఇప్పుడు ఈ పాప సంగతి చూద్దాం. వారానికి మూడుసార్లు చొప్పున ఆరు వారాలు రక్తం తీయాలి. ఈలోగా ఒళ్ళు కాస్త వెచ్చబడినా, అర్ధరాత్రైనా అపరాత్రైనా సరే, నేరుగా ఇక్కడికి తీసుకురండి. జబ్బు అదే అయితే మందు ఉంది. సూదిమందు. తెల్లకణాలను పడిపోకుండా నిలబెడుతుంది."

బస్సులో చిన్నది వాళ్ళమ్మ ఒళ్ళో నిద్రపోయింది. మా ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూనే అడిగింది.

"పొద్దున చెయ్యి పెట్టి చూశారా?"

"చూశాను."

"వెచ్చగా ఉందా?"

"ఉంది."

"అదేమంది?"

"నోరు నొప్పిగా ఉంది, ఇవాళ మానేస్తాను నాన్నా అంది."

"మీరేమన్నారు?"

"గురువారం జ్వరాలు మాష్టారి దగ్గర చెల్లవన్నాను. నవ్వుతూనే అన్నాను. అదీ నవ్వింది."

ఆమె ఇంకేమీ అడగలేదు. అడిగితే మిగతాది కూడా చెప్పేవాణ్ణి. బడిలో నేను దానికి నాన్నను కాదు, సార్‌ని. అది మా ఇద్దరి ఒప్పందం. ఆ రోజు పదిహేడో నంబరు పిలిచాను. "ప్రెజెంట్ సార్" అంది. నోట్లో పుండుతో మాట ముద్దగా వచ్చింది. వెనకబల్ల పిల్లలు నవ్వారు. నేను గీత గీశాను. పది మాటలు చెప్పాను. పదీ తప్పుల్లేకుండా రాసింది. మా అమ్మాయి గనక దానికి మాత్రం 'భేష్' అని రాయకుండా ఉత్త మార్కులే వేశాను.

మా స్టాపుకి ఇంకా రెండు స్టాపులు ఉండగానే ఆమె లేచి, చిన్నదాన్ని నా భుజం మీద వేసి, దిగిపోయింది. గంట తర్వాత నడిచి ఇంటికొచ్చింది. తొమ్మిది రోజులు నాతో అవసరానికే మాట్లాడింది. పాలు వచ్చాయా, తాళం ఎక్కడ పెట్టారు, ఈసారి రక్తానికి ఎవరు తీసుకెళ్తున్నారు.

రక్తానికి వెళ్ళిన ప్రతిసారీ వచ్చిన తెల్లకణాల అంకెను నేను ఒక గళ్ళపుస్తకంలో రాస్తున్నాను. మొదటి రెండు వారాలూ బాగానే ఉన్నాయి. లెక్క ప్రకారం జ్వరం రావాల్సిన సోమవారం దగ్గరపడుతుండగా, అంతకుముందు బుధవారం అంకె సగానికి పడింది. ఆ సాయంత్రం అన్నం వడ్డిస్తూ మా ఆవిడ అంది:

"నేను శుక్రవారం నుంచి బుధవారం దాకా సెలవు పెట్టాను. మీరూ పెట్టండి."

"సరే."

"ఈసారి నుదురు నేను కూడా చూస్తాను."

ఇది క్షమించడమో కాదో నాకు తెలియదు. నేను అడగలేదు.

శనివారం అంకె ఇంకా పడింది. ఆదివారం పొద్దున చిన్నది లేస్తూనే నోరు పట్టుకుంది. ఇద్దరం ఒకరి తర్వాత ఒకరం చెయ్యి పెట్టి చూశాం. వెచ్చగా ఉంది. ఆస్పత్రి సంచి రెండు రోజులుగా గుమ్మం పక్కనే సర్ది ఉంది. మా ఆవిడ దాన్ని భుజానికి తగిలించుకుంది. బండి కోసం ఫోను చేశాను. మా అమ్మ చిన్నదాని చెప్పులు వెతుకుతోంది.

చిన్నది మంచం మీద కూర్చుని నాలుకతో ముందు పన్నును నెడుతోంది. ఉన్నట్టుండి ఆగి, నోట్లో వేలు పెట్టి, ఏదో తీసి నా అరచేతిలో పెట్టింది. చిన్న తెల్లని పన్ను. దానికింద పొడుగ్గా, చివరిదాకా వేరు. రక్తపుచార వేరు మొదట్లో ఒక్కటే ఉంది.

ఆస్పత్రిలో మా ఇద్దరి రక్తమూ జన్యుపరీక్షకు తీసుకున్నారు, ఆ కాగితాలు మూడు వారాలకు వచ్చాయి. నా రక్తంలోనూ దాని రక్తంలోనూ ఒకేచోట ఒకే తేడా ఉందని వాటిలో రాసి ఉంది. నాకు మాత్రం ఫలితం ఆ ఆదివారం పొద్దున అరచేతిలోనే తెలిసిపోయింది.

"అక్కకంటే నాదే ముందు ఊడింది కదా నాన్నా?" అంది చిన్నది. జ్వరంతో బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. కళ్ళు మెరుస్తున్నాయి.

"అవునమ్మా. నీదే ముందు."

అది మా ముగ్గురి ముఖాలూ ఒక్కొక్కటిగా చూసింది. వాళ్ళ నానమ్మ చెప్పగా వినివినీ, తర్వాత ఏం జరగాలో దానికి బాగా తెలుసు.

"మరి చప్పట్లేవీ?"

మా అమ్మ చెప్పులు చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయింది. నా చేతిలో పన్ను ఉంది. మా ఆవిడ భుజానున్న సంచి నేలమీద పెట్టింది. మొదట తనే కొట్టింది. పన్నును జేబులో వేసుకుని నేనూ కొట్టాను. వాకిట్లో బండి హారన్ మోగేదాకా కొడుతూనే ఉన్నాం.